ఇంట్లో పెద్ద అక్వేరియం: అద్దం కోయించే ముందు వేయాల్సిన లెక్కలు

మా హాల్లో ఉన్న అక్వేరియం పొడవు 240 సెంటీమీటర్లు, వెడల్పు 90, ఎత్తు 75. ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని చూడగానే అడిగేది ఒకటే: "పగిలితే ఎలాగండీ?" 2022 డిసెంబరు 16న బెర్లిన్‌లోని ఒక హోటల్లో పది లక్షల లీటర్ల ఆక్వాడోమ్ ఒక్కసారిగా బద్దలైన వార్త గుర్తున్నవాళ్ళయితే మరీ టెన్షన్‌గా అడుగుతారు. "ఇంత ట్యాంకులో నీళ్ళు ఎలా మారుస్తారు?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగాల్సింది అదీ. సరైన మందం అద్దం వేసి, అద్దాలు అతికించే సిలికాన్ జిగురుని పూర్తిగా ఆరనిచ్చి, అడుగు మట్టంగా పెడితే ట్యాంకు పగలడం అరుదు. పెద్ద ట్యాంకు ముచ్చటపడి కట్టుకున్నవాళ్ళు కొన్నాళ్ళకు విసిగి వదిలేసేది దాన్ని కడగలేక, నీళ్ళు మోయలేక. అందుకే నీళ్ళు పోసే రోజు కంటే తీసే రోజు గురించి ఎక్కువ ఆలోచించి కట్టమంటాను.

నేను బళ్ళో లెక్కలు చెప్తాను. కాబట్టి ఇందులో లెక్కలు కాస్త ఎక్కువే ఉంటాయి. కూడికలు, గుణకారాలు దాటి ఏమీ లేవు, భయపడకండి.

ముందు మీ చెయ్యి కొలవండి

ట్యాంకు ఎత్తు ఎంతుండాలో తేల్చేది మీ చెయ్యి పొడవు. చంక నుంచి వేలి కొస దాకా టేపు పెట్టి చూడండి. నాది 66 సెంటీమీటర్లు. ట్యాంకు ముందు నిలబడి పై అంచు మీదుగా చెయ్యి పెట్టి వెనక అడుగు మూలని అందుకోవాలంటే అటు వెడల్పు, ఇటు ఎత్తు కలిసి ఏర్పడే కర్ణం అంత దూరం వెళ్ళాలి. మా ట్యాంకులో అది 113 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అంటే సగం దూరం దాటాక నా చెయ్యి ఐపోతుంది. మిగతాదంతా పొడుగు పట్టకారు, కర్రకి బిగించిన గీకుడు బ్లేడు, రెండు మెట్ల స్టూలు చూసుకోవాలి.

మొదట మేము 90 సెంటీమీటర్ల ఎత్తు అనుకున్నాం. చూడ్డానికి బాగుంటుందని మా ఆయన పట్టుబట్టారు. కాగితం మీద ఈ కర్ణం గీసి చూపించాక 75కి దిగారు. ఎత్తు తగ్గిస్తే అద్దం మందం తగ్గుతుంది, వెలుతురు అడుగు దాకా దిగుతుంది, చెయ్యి అందుతుంది. చేపలకు నష్టం లేదు. చాలా రకాల చేపలు అడ్డంగా ఈదుతాయి, నిలువుగా కాదు. మీ దగ్గర ఇంకా చోటుంటే వెడల్పు పెంచండి. పెద్ద చేప వెనక్కి తిరగడానికి కావాల్సింది వెడల్పే.

ట్యాంకు పైన కూడా చోటు కావాలి. స్టాండు 75, ట్యాంకు 75 అయితే పై అంచు 150 దగ్గర ఉంటుంది. అక్కణ్ణుంచి లైటు చట్రం దాకా, లేదా అటకో షెల్ఫో ఉంటే దాని అడుగు దాకా, తల, భుజం దూరేంత ఖాళీ ఉండాలి. 50 సెంటీమీటర్లకు తక్కువైతే పని చేసిన ప్రతిసారీ మెడ పట్టేస్తుంది. గోడలో ఫోటో ఫ్రేములా కనపడాలని ట్యాంకుని నాలుగు వైపులా మూసేసేవాళ్ళున్నారు. వెనక మనిషి నిలబడే గది ఉంటే సరే. లేకపోతే అది అందంగా కనపడే జైలే, చేపలకు కాదు, మీ చేతులకు.

బరువు

మా ట్యాంకులో అద్దం మందం పోను లోపలి కొలతలు 236 × 86. నీళ్ళు 68 సెంటీమీటర్ల దాకా నిలుస్తాయి. గుణిస్తే సుమారు 1,400 లీటర్లు, అంటే 1,400 కిలోలు. అద్దం చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది. మాది 19 మిల్లీమీటర్లది కాబట్టి మొత్తం అద్దాలు 350 కిలోలు దాటాయి. అడుగున 5 సెంటీమీటర్ల ఇసుక ఇంకో 160. రాళ్ళు, దుంగలు ఒక 80. స్టాండు కింద ఉండే సంప్ (పై ట్యాంకు నీళ్ళు దిగి, శుభ్రమై, పంపుతో మళ్ళీ పైకెళ్ళే తొట్టి) నీళ్ళతో కలిపి 250. ఇనుప స్టాండు ఒక 150. అంతా కలిపితే దాదాపు 2,400 కిలోలు, నిలిచేది రెండు చదరపు మీటర్ల పైచిలుకు జాగాలో. చదరపు మీటరుకి 1,100 కిలోలన్నమాట. ఇళ్ళ గదుల నేలను సాధారణంగా చదరపు మీటరుకి 200 కిలోల దగ్గర లెక్కేసి కడతారు. ఆ అంకె గది మొత్తం మీద సమంగా పరుచుకున్న బరువుకి వేసినది, కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి నేల కూలిపోతుందని తీర్మానించకూడదు. ఏమీ కాదులే అని ధీమా పడనూ కూడదు.

నేల మీదే కట్టిన గది అయితే సగం దిగులు తీరినట్టే. అప్పుడు చూసుకోవాల్సింది టైల్స్ కింద బోలుగా ఉందా లేదా అన్నదే. నాణెంతో ఒక్కో టైలునీ తట్టండి. డబడబమనే చోట స్టాండు కాలు పెట్టొద్దు. పై అంతస్తు అయితే స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి ఇంటి ప్లాను చూసి, బీము ఎక్కడుందో తేల్చి, ట్యాంకు ఏ గోడ వెంట పెట్టాలో చెప్పాలి. గది మధ్యలో కంటే బరువు మోసే గోడ వెంట, బీము మీదుగా పెడితే మేలు. చెక్క దూలాల మీద వేసిన నేల అయితే ట్యాంకు పొడవు ఆ దూలాలకు అడ్డంగా పడాలి, అప్పుడే బరువు నాలుగైదు దూలాల మీదికి పంచుకుపోతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి అనుభవాన్నీ, నాదాన్ని కూడా, నమ్మొద్దు.

ఏ అద్దం, ఎంత మందం

నీళ్ళ ఒత్తిడి లోతుని బట్టి ఉంటుంది, వెడల్పుని బట్టి కాదు. ముందు అద్దం వెనక 90 సెంటీమీటర్ల నీళ్ళున్నా 9 మీటర్లున్నా దాని మీద పడే బలం ఒకటే. మా ట్యాంకులో నీటి లోతు 68 కాబట్టి సగటున 34 సెంటీమీటర్ల నీటి బరువు, చదరపు మీటరుకి 340 కిలోలు. ముందు అద్దం మీద నీళ్ళు తాకే వైశాల్యం 1.6 చదరపు మీటర్లు. మొత్తం దాదాపు 550 కిలోలు. లోతు రెట్టింపు చేస్తే సగటూ రెట్టింపవుతుంది, వైశాల్యమూ రెట్టింపవుతుంది, బలం నాలుగు రెట్లవుతుంది. ఎత్తు దగ్గర నేను అంత పిసినారితనం చూపించడానికి ఇది రెండో కారణం.

మందం లెక్కకి సూత్రాలున్నాయి. అందులో 3.8 అనే భద్రతా గుణకం పెట్టుకోవడం వాడుక. అంటే అద్దం తట్టుకోగలిగిన దాంట్లో పావు వంతుకి కాస్త ఎక్కువ మాత్రమే వాడుకుంటామన్నమాట. మా కొలతలకు 16, 17 మిల్లీమీటర్ల మధ్య తేలింది. దొరికేవి 15, 19. పదిహేనుతో సరిపెట్టేద్దామని అనేవాళ్ళు తప్పకుండా దొరుకుతారు. వినొద్దు.

మామూలు ఫ్లోట్ గ్లాసే తీసుకోండి. టెంపర్డ్ గ్లాసు, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం, బలమైనదే, కాని పగిలితే అద్దం మొత్తం ఒక్క క్షణంలో గుండయిపోతుంది, పైగా దానికి కన్నం పెట్టడం కుదరదు. 19 మిల్లీమీటర్ల మామూలు అద్దంలోంచి చూస్తే అంచుల్లోనే కాదు, చేపల రంగులో కూడా పచ్చ ఛాయ తెలుస్తుంది. ఇనుము శాతం తక్కువుండే క్లియర్ గ్లాసు ముందు వైపు ఒక్కదానికే వేయించుకుంటే చాలు. మిగతా మూడు వైపులకూ అనవసరం.

అద్దంలా కనపడే ప్లాస్టిక్, యాక్రిలిక్ గురించి కూడా అడుగుతారు. అది అద్దంలో సగం బరువుండదు, అతుకు దాదాపు కనపడదు. కాని గీతలు పడతాయి. గీకుడు బ్లేడుకి, అద్దానికి మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కితే చాలు. ఇంకా పెద్దవి, మూడు మీటర్లు దాటినవి కట్టేవాళ్ళు మందం ప్లైవుడ్‌తో పెట్టె చేసి, లోపల ఎపాక్సీ పూతలు వేసి, ముందు మాత్రం అద్దం బిగిస్తారు. పద్ధతి మంచిదే, అయితే మూడు వైపుల నుంచి చేపలు కనపడాలని ఉన్నవాళ్ళకు పనికిరాదు.

కోతకి ఇచ్చేటప్పుడు మందాన్ని, సిలికాన్ సందుని తీసేసి కొలత రాయాలి. ఇక్కడే ఎక్కువ మంది తికమక పడతారు కాబట్టి మా చీటీ అలాగే చెప్తాను. అడుగు అద్దం 2400 × 900, దాని మీదే నాలుగు గోడలూ నిలబడతాయి. ముందు, వెనక అద్దాల పొడవు 2400. ఎత్తు 750లోంచి అడుగు మందం 19, సిలికాన్ సందు 2 తీసేస్తే 729. పక్క అద్దాలు ముందు వెనకల మధ్యలో ఇరుకుతాయి కాబట్టి వాటి వెడల్పు 900లోంచి రెండు 19లు, రెండు 2లు తీసేయాలి: 858. ఎత్తు అదే 729. రెండేసి అద్దాలు జంటగా ఉండేవాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, అర మిల్లీమీటరు తేడా కూడా లేకుంటేనే తీసుకోండి. అంచులు నలువైపులా గ్రైండింగ్ చేయించండి. పైపుల కోసం కన్నాలు అద్దాలు అతికించక ముందే పడాలి. కన్నం అంచుకి, అద్దం అంచుకి మధ్య కనీసం ఆ కన్నం వ్యాసమంత దూరం వదలండి.

స్టాండు

50 × 50 స్క్వేర్ పైపు, 3 మిల్లీమీటర్ల మందంతో ఎనిమిది కాళ్ళు. ఒక్కో కాలి మీద 270 కిలోలు పడుతుంది కాబట్టి ప్రతి కాలి కింద 15 సెంటీమీటర్ల చదరపు ఇనుప పలక వేయించాను.

వెల్డింగ్ వేడికి ఫ్రేము మెలి తిరుగుతుంది. రసమట్టం పెడితే నాలుగు వైపులా విడివిడిగా బాగానే చూపించి, మెలిని మాత్రం దాచేయగలదు. దానికి దారం పద్ధతి ఉంది. పై ఫ్రేము ఎదురెదురు మూలలకు రెండు దారాలు గట్టిగా లాగి కట్టండి. మధ్యలో ఒకదాన్నొకటి సరిగ్గా తాకుతూ దాటితే ఫ్రేము చదునుగా ఉన్నట్టు. మధ్య సందు కనపడితే, లేదా ఒకటి రెండోదాన్ని నొక్కుతుంటే, ఒక మూల లేచి ఉన్నట్టు. కింది దారాన్ని పైకి మార్చి మళ్ళీ చూస్తే ఇంకా నమ్మకం. మెలి ఉన్న ఫ్రేముని ట్యాంకు బరువే సర్దేస్తుందని వెల్డర్ అంటాడు. ఇనుము సర్దుకునేలోపు అద్దం అడుగు చిట్లుతుంది. సరిచేసేదాకా అక్కణ్ణుంచి కదలనివ్వకండి.

ఫ్రేము మీద 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, దాని మీద 10 మిల్లీమీటర్ల గట్టి థర్మాకోల్ రకం ఫోము షీటు. ఇసుక గింజంత ఎత్తుపల్లాలను అది మింగేస్తుంది. నేల వాలుని మాత్రం ఫోముకి వదలకూడదు, కాళ్ళ కింద ఇనుప రేకులు పెట్టి సరిచేయాలి.

ఇంకొక్క మాట. సంప్ అనే కింది తొట్టిని ట్యాంకు నిండాక కూడా బయటికి లాగగలగాలి. మాది 120 పొడవు, 45 వెడల్పు. ముందు కాళ్ళ మధ్య అంత ఖాళీ ఉండదు కాబట్టి స్టాండు పక్క చివరి నుంచి తోసేలా పెట్టించి, ఆ వైపు గోడకి ఒకటిన్నర మీటరు వదిలాం. స్టాండు తయారయ్యాక ఉత్త అట్టపెట్టెతో ఒకసారి తోసి, లాగి చూసుకోండి.

అతికించడం

ఇంత ట్యాంకుని వేరేచోట కట్టి తెస్తే గుమ్మంలోనో మెట్ల మలుపులోనో ఇరుక్కుంటుంది. అందుకని స్టాండు మీదే, నిలిచే చోటే కట్టాలి. ముందు అద్దం ఒక్కటే 83 కిలోలు. నలుగురు మనుషులు, నాలుగు డబుల్ సక్షన్ కప్పులు, చేతులకు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. సక్షన్ కప్పు అంటించే చోట తడిగుడ్డతో తుడవండి, దుమ్ముంటే నెమ్మదిగా జారుతుంది, జారుతున్నట్టు తెలియదు.

సిలికాన్ నూటికి నూరుపాళ్ళు సిలికాన్ అయి ఉండాలి. వెనిగర్ వాసన వేసే రకం అద్దానికి బాగా పడుతుంది. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూమ్ రకం మాత్రం వద్దు, ఆ మందు చేపలకు విషం. 310 మిల్లీలీటర్ల ట్యూబులు లెక్క ప్రకారం మూడు నాలుగు చాలు. నేను ఎనిమిది తెప్పించాను. అద్దం గాల్లో ఉండగా ట్యూబు అయిపోవడం కంటే నాలుగు మిగలడం నయం.

అంచులన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, తుడిచాక వేలు పెట్టకండి. అతుకు గీతకి రెండు వైపులా మాస్కింగ్ టేపు. అద్దం బరువుకి సిలికాన్ అంతా బయటికి నలిగిపోకుండా, అలమారా తలుపుల లోపల అంటించే పారదర్శక రబ్బరు బొట్లు, 2 మిల్లీమీటర్లవి, బయటి అంచు పక్కన అక్కడక్కడ పెట్టాను. ముందుగా అద్దాలన్నీ సిలికాన్ లేకుండా నిలబెట్టి చూసుకోండి. ఎవరు ఎక్కడ పట్టుకోవాలో, ఏ కాలు ముందు వేయాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

పూయడం మొదలుపెట్టాక ఆగకూడదు. ఐదు పది నిమిషాల్లో పైన పొర కట్టేస్తుంది, ఆ పొర మీద అద్దం పెడితే అంటుకోదు. 240 సెంటీమీటర్ల అడుగు అంచుకి నేనూ, మా మరిదీ చెరో గన్ను పట్టుకుని రెండు చివర్ల నుంచి మధ్యకి వచ్చాం. చిటికెన వేలు మందాన, ఎక్కడా తెగకుండా ఒకటే ధార. కలిసే చోట ఒకరి ధార మీదికి ఇంకొకరిది కొంచెం ఎక్కాలి, లేకపోతే అక్కడే గాలి చిక్కుతుంది. అద్దాన్ని నిలువుగా, తిన్నగా దింపాలి. ఆనాక అటూ ఇటూ జరపకండి. మేము వాడింది నల్ల సిలికాన్. అద్దం కిందికి వంగి చూస్తే అతుకు పొడుగునా నల్లగా, సమంగా పట్టినట్టు కనపడాలి. వెండి చుక్కల్లా మెరిసేవి గాలి బుడగలు. విడివిడిగా చిన్న చుక్కలుంటే పర్వాలేదు. లోపలి నుంచి బయటి దాకా బుడగల దారి కనపడితే మాత్రం మొహమాటం లేకుండా అద్దం లేపి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఆరిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగ్గా పట్టదు కాబట్టి తర్వాత పైపూత వేసుకుందాంలే అన్నది కుదరని పని.

మూలమట్టం పెట్టి మూలలు చూసి, పట్టీలతో బిగించి, లోపలి మూలల్లో వేలితో ఒక్క ఊపులో గీసి, పొర కట్టకముందే టేపు లాగేయాలి. గోడలు గట్టిపడ్డాక పైన చుట్టూ 10 సెంటీమీటర్ల అద్దం పట్టీలు వేస్తే ముందు అద్దం ఉబ్బకుండా ఆపుతాయి. మధ్యలో అడ్డపట్టీ వేస్తే ఇంకా బలమే, కాని చెయ్యి దూర్చిన ప్రతిసారీ మోచేతికి తగులుతుంది.

సిలికాన్ గాల్లో తేమని పీల్చుకుని బయటి నుంచి లోపలికి ఆరుతుంది, రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లు, లోపలికి పోయేకొద్దీ ఇంకా నెమ్మది. 19 మిల్లీమీటర్ల అతుకు మధ్య దాకా ఆరాలంటే మూడు వారాలు వదిలేయండి. ట్యూబు మీద 24 గంటలని రాసి ఉంటుంది. అది సన్నటి పూతకి రాసిన మాట.

పరీక్షకి నీళ్ళు పోసేటప్పుడు స్టాండు చుట్టూ, అడుగు అంచుల కింద న్యూస్‌పేపరు పరవండి. ఒక్క చుక్క పడ్డా మచ్చ కనపడుతుంది. మూడో వంతు, మూడింట రెండు వంతులు, నిండా, ఒక్కో మెట్టుకి ఒక రోజు ఆగుతూ పోయండి. ముందు అద్దానికి అడ్డంగా దారం లాగి మధ్యలో ఎంత ఉబ్బిందో రాసుకోండి. నిండాక ఆ అంకె అక్కడే ఆగాలి, మర్నాటికి పెరగకూడదు.

సంప్, పైపులు

పై ట్యాంకు నీటి మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 20 లీటర్లు. ఈ అంకె ఒక్కటి బుర్రలో ఉంటే పైపుల పని సగం అర్థమైనట్టే.

కరెంటు పోయి పంపు ఆగగానే పై ట్యాంకు నీళ్ళు పొర్లుడు గట్టు (నీళ్ళు పొర్లి సంప్‌కి దిగే పైపుల్లో పడే గోడ) అంచు దాకా కిందికి దిగుతాయి. రెండు సెంటీమీటర్లు అనుకుంటే 40 లీటర్లు. మా సంప్‌లో అది ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, అంత ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. పంపు నుంచి పైకొచ్చే పైపు మూతి నీటిలో 10 సెంటీమీటర్ల లోతున ఉందనుకోండి, పంపు ఆగినప్పుడు అదే సైఫన్‌గా, అంటే నీళ్ళని దానంతటదే కిందికి లాగే గొట్టంగా, మారి 200 లీటర్లు వెనక్కి లాగేస్తుంది. సంప్‌లో పట్టదు, హాల్లోకి వస్తుంది. పైపుకి చిన్న కన్నం పెడితే గాలి దూరి సైఫన్ తెగుతుందంటారు. నిజమే, పాచి పట్టి ఆ కన్నం మూసుకుపోయేదాకా. మూతిని నీటి మట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్ల లోపే ఉంచడం ఖాయమైన దారి. నీళ్ళని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు మీద కూడా నాకు నమ్మకం లేదు, ఒక నత్త పిల్ల చాలు దాన్ని తెరిచి పెట్టడానికి.

కిందికి దిగే పైపులు మూడు పెట్టుకోండి. మొదటిది గేట్ వాల్వుతో సర్దుకునే పూర్తి సైఫన్, గాలి లేకుండా నిండా నీళ్ళతో పారుతుంది కాబట్టి చప్పుడు చేయదు. రెండోదాంట్లో సన్నటి ధార పారుతుంది. మూడోది మామూలప్పుడు ఎండిగా ఉండి, మొదటి రెండూ మూసుకుపోతే పని చేస్తుంది. మూడోదాంట్లో నీళ్ళ చప్పుడు వినపడిందంటే ఏదో ఆకు అడ్డుపడ్డట్టు. పంపు గంటకి ట్యాంకుకి మూడు నాలుగు రెట్లు, మాకైతే 5,000 లీటర్లు తిప్పాలి. పెట్టె మీద రాసిన అంకె ఎత్తు సున్నా అయినప్పటిది. మీటరున్నర పైకి నెట్టాలంటే ఎంత ఇస్తుందో పంపుతో వచ్చే గ్రాఫులో చూడండి. ప్రతి పంపుకీ, వాల్వుకీ రెండు వైపులా యూనియన్లు, అంటే చేత్తో విప్పి బిగించుకునే జాయింట్లు, పెట్టండి, లేకపోతే శుభ్రం చేయాల్సినప్పుడల్లా రంపం పట్టుకోవాలి.

నీళ్ళ మార్పు

వారానికి పావు వంతు నుంచి మూడో వంతు మార్చాలి. 400 లీటర్లనుకుంటే 20 లీటర్ల బకెట్లు 20 బయటికి, 20 లోపలికి. మొదటి నెల ఉత్సాహంతో మోస్తారు. ఆ తర్వాత వారం రెండు వారాలవుతుంది, రెండు నాలుగవుతాయి.

అందుకని టైల్స్, పెయింటు కంటే ముందే రెండు పైపులు వేయించుకోండి. ఒకటి ట్యాంకు నుంచి మురుగు కాలువకి, బాల్ వాల్వు తిప్పితే దానంతటదే పోయేలా. ఇంకొకటి నిల్వ డ్రమ్ము నుంచి ట్యాంకులోకి. మా డ్రమ్ము 500 లీటర్లది, అందులో ముందు రోజే నీళ్ళు పట్టి, గాలి బుడగలు వదిలే గాలి రాయి వేసి ఉంచుతాం. క్లోరిన్ అయితే గాలి ఆడితే ఒక రోజులో పోతుంది. క్లోరమిన్ అలా పోదు, మందు వేయాల్సిందే. మీ నీళ్ళలో ఏది కలుపుతారో సరఫరా చేసేవాళ్ళని అడిగి తెలుసుకోండి. బయటికి పోయే నీళ్ళు మొక్కలకు పోస్తే మంచి ఎరువు.

కొళాయిని తిన్నగా ట్యాంకుకి కలిపి, నీళ్ళు నిండగానే మూసుకునే ఫ్లోట్ వాల్వుని నమ్ముకుని వదిలేసే ఏర్పాటు మాత్రం నాకు నచ్చదు. వాల్వు ఇరుక్కుంటే కొళాయికి అంతు లేదు. డ్రమ్ముకి అంతు ఉంది.

కరెంటు, వేడి

కరెంటు లీకవగానే ఆపేసే 30 మిల్లీయాంపుల ఎర్త్ లీకేజీ బ్రేకరు లేకుండా నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు. ప్లగ్గులు సంప్‌కి పక్కగా, ఎత్తులో ఉండాలి, సంప్‌కి నేరుగా పైన కాదు. వైరు ప్లగ్గులోకి వెళ్ళేముందు కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటి బొట్టు అక్కడే కింద పడుతుంది. పంపుని ఒక సర్క్యూట్ మీద, గాలి మోటారుని ఇంకో సర్క్యూట్ మీద పెట్టండి.

హీటరు అవసరమైతే పెద్దది ఒకటి కాకుండా 300 వాట్లవి రెండు. వేడి చాలగానే హీటరుని ఆపే థర్మోస్టాట్ ఇరుక్కుని అది ఆగకుండా వెలుగుతూ పోతే, చిన్నది ఇన్ని నీళ్ళని ఉడకబెట్టలేదు. ఎండాకాలం కష్టం వేరు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో గరిష్ఠంగా 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర 7.6. సరిగ్గా అప్పుడే చేపలకు ఎక్కువ ఆక్సిజన్ కావాలి. నీటి మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. రోజుకి 10 లీటర్లు ఆవిరైతే ఆరు యూనిట్లకు పైగా కరెంటుతో సమానమైన వేడిని మోసుకుపోతుంది. ఆ ఆవిరి గదిలోనే ఉండిపోతే గోడకి బూజు పడుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా ఉండాలి. ఆవిరైనంత నీళ్ళు పోయడం నీళ్ళ మార్పు కిందికి రాదు, లవణాలు లోపలే మిగిలిపోతాయి.

కరెంటు పోతే ముందు నిలబెట్టాల్సింది గాలిని. బ్యాటరీతో నడిచే గాలి మోటార్లు రెండు ఉంటే రాత్రి గడిచిపోతుంది. మేత వేయకండి.

చేపలు

నీళ్ళు పోసిన వారం రోజులకే చేపలు వదలాలని ఇంటిల్లిపాదీ వెంటపడతారు. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియా వాటికి విషం; దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ బాక్టీరియా పెరగడానికి, చేపలు లేని ట్యాంకు నీళ్ళలో లీటరుకి 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చేలా వేయాలి. 1,400 లీటర్లకు 2.8 గ్రాములు, అమ్మోనియం క్లోరైడ్ వాడితే దాదాపు 9 గ్రాములు. అంత వేసినా ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాక చేపలు తెచ్చుకోవచ్చు. పాత ట్యాంకు ఫిల్టరు స్పాంజి ఒకటి సంపాదిస్తే ఈ వారాలు తగ్గుతాయి.

ఇంత ట్యాంకు ఉంది కదా అని రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ తేవొద్దు. అరచేతిలో పట్టే పిల్లని అమ్ముతారు, అది మీటరు దాటి పెరుగుతుంది. సిల్వర్ అరోవానా 90 సెంటీమీటర్లకు వస్తుంది, మా ట్యాంకు వెడల్పు అంతే, అందుకే తేలేదు. ఆస్కార్లు 30 సెంటీమీటర్ల దగ్గర ఆగుతాయి, సిల్వర్ డాలర్లు 15. క్లౌన్ లోచ్‌లు గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి, ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతాయి. మా ఇంట్లో ఈ మూడూ ఉన్నాయి. పెద్దవైపోయాయని ఏ చేపనీ చెరువులోనో కాలువలోనో వదలకండి, అక్కడి చేపల తిండీ చోటూ అవి తినేస్తాయి.

అతుకు చెమ్మగిల్లిన రోజున ఇవన్నీ ఎక్కడికి పోవాలన్నది కూడా ముందే చూసుకోవాలి. మేము 500 లీటర్ల నిల్వ డ్రమ్ముని ఆ పనికి కూడా సరిపోయేలా తీసుకున్నాం: మూతి వెడల్పు, దొంతరగా ముడిచిన వల దూరేంత. మూతకి గాలి గొట్టం పట్టే కన్నం పెట్టించాం. ట్యాంకు ఖాళీ చేసే బాల్ వాల్వుకి ఎర్ర టేపు చుట్టి ఉంది, ఇంట్లో అందరికీ అదెటు తిప్పాలో తెలుసు.